తలుపు తడితే లేచిన నవాబు

హైదరాబాదు పాత కుటుంబాలలో ఒక అలవాటు ఉండేది. పెరట్లో కట్టెల కుప్ప కిందనో, నీళ్ల గోలెం పక్కనో పాము కనబడితే పెద్దవాళ్లు పిల్లల్ని వెనక్కి లాగి మహబూబ్ పాషా పేరు చెప్పేవారు. ఆ పేరు మీద ఆన పెడితే పాము తన దారిన తాను పోతుందనీ, ఒకవేళ కాటు పడినా విషం తలకెక్కదనీ నమ్మకం. ఈ నమ్మకానికి మతభేదం లేదు. మా కాచిగూడలో నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఇల్లాళ్లు కూడా అదే నోటితో ఆ నవాబు పేరు తలచుకునేవారు.

ఆయన ఆసఫ్‌జాహీ వంశంలో ఆరవ నిజాం, మీర్ మహబూబ్ అలీ ఖాన్. మన వయసు వారికి ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ సంగతులు ఎక్కువగా తెలుసు. ఆయన పాత టోపీ గురించి, చేతికర్ర గురించి, పొదుపు గురించి కథలు వింటూనే పెరిగాం. కొడుకుది ఎంత బిగిసిన పిడికిలో తండ్రిది అంత వదులైన చెయ్యి. ఈ ప్రత్యేక సంచికకు పాత హైదరాబాదు పెద్దలలో ఒకరి జీవితం రాయమని సంపాదకవర్గం వారు కోరగా నాకు మొదట తట్టిన పేరు ఈయనదే. దాఖలా ఉన్న సంగతి ఏదో, జనం నోట నానిన కథ ఏదో వేరువేరుగా చెప్పడానికి ప్రయత్నిస్తాను. గుమాస్తాగిరీ చేసినవాడికి అది వదలని అలవాటు.

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టులో జన్మించారు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో కాలం చేసేనాటికి పిల్లవాడికి మూడేళ్లు కూడా నిండలేదు. పాలు మాని అన్నం తినే వయసులో గద్దె ఎక్కించారు. రాజ్యభారాన్ని దివాను మొదటి సాలార్‌జంగ్, పాయిగా ప్రభువు షంసుల్ ఉమ్రా కలిసి మోశారు. కోఠీలో రెసిడెన్సీ భవనం నుంచి ఇంగ్లీషు రెసిడెంటు అన్నీ కనిపెట్టి ఉండేవాడు. అలా ముగ్గురు పెద్దల నడుమ, జనానాలోని ఆడవారి ముద్దుల నడుమ ఆ పిల్లవాడు పెరిగాడు. ఆడుకునే ఈడులో తనకు సాటివాడు అంటూ ఎవరూ లేని పిల్లవాడు. ఆయన తర్వాతి జీవితంలోని వింతలకు విత్తనం ఇక్కడే పడిందని నా అభిప్రాయం.

అంతకు ముందటి నిజాములకు అరబ్బీ, పార్శీ చదువులే ఉండేవి. ఈయనకు ఇంగ్లీషు చదువు కూడా చెప్పించాలని సాలార్‌జంగ్ పట్టుబట్టాడు. సీమ నుంచి ఒక కెప్టెన్ దొరను ఉపాధ్యాయుడిగా రప్పించారు. ఆ దొర ఇంటిపేరు ఏమిటనుకున్నారు? క్లర్క్. నిజాం ప్రభువుకే ఒక క్లర్కు గురువుగా ఉండేవాడని మన సంఘ సభ్యులు ధైర్యంగా చెప్పుకోవచ్చును. 1877 జనవరి ఒకటిన ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించిన దర్బారుకు పదేళ్ల నిజాం హాజరయ్యాడు.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ కలరా తగిలి హఠాత్తుగా మరణించాడు. మరుసటి సంవత్సరం 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ ప్రభువు స్వయంగా హైదరాబాదు వచ్చి పదిహేడేళ్ల మహబూబ్‌కు సర్వాధికారాలు అప్పగించాడు. రిప్పన్ తిరిగి వెళ్లాక యువ నిజాం తన ఇష్టప్రకారం బతకడం మొదలుపెట్టారు.

ఆయన మంచి గుర్రపు రౌతు, గురి తప్పని వేటగాడు. ముప్పై పైచిలుకు పులులను కొట్టాడని ప్రసిద్ధి. తీస్‌మార్‌ఖాన్ అన్న పేరు అందుకే వచ్చిందని హైదరాబాదులో చెప్పుకుంటారు. ఉర్దూలో ఆసిఫ్ అన్న కలం పేరుతో గజళ్లు రాసేవారు. ఢిల్లీ నుంచి వచ్చిన మహాకవి దాగ్ ఆయనకు కవితాగురువు. 1905లో మరణించిన ఆ దాగ్ సమాధి నాంపల్లిలో యూసుఫైన్ దర్గా ఆవరణలోనే ఉంది. గురువారం నాడు దర్గాకు వెళ్లే మనవాళ్లు ఎందరో, ఆ మూలకు తిరిగి చూసేవారు మాత్రం కొందరే.

ఇక వింతల సంగతి. నిజాం గారికి పగలు రాత్రి, రాత్రి పగలు. లోకం దీపాలార్పి పడుకునే వేళకు ఆయన దర్బారు మొదలయ్యేదని చెబుతారు. ప్రయాణానికి రైలు సిద్ధం చేయమని హుకుం అయ్యేదట. ఇంజనుకు ఆవిరి పట్టి, పరివారమంతా డబ్బాల్లో సర్దుకున్నాక ప్రభువుల మనసు మారేదట. రైలు కదలకుండా రోజుల తరబడి నిలబడేదట. ఇవన్నీ అటతోనే ముగిసే మాటలు. కాని అందరూ ఒకే తీరుగా చెప్పే మాటలు.

కట్టిన బట్ట మళ్లీ కట్టడన్నది ఇంకొక కథ. దీనికి కొంత రుజువు ఉంది. పురానీ హవేలీకి వెళితే పెద్ద హాలు పొడుగునా రెండు వైపులా, రెండంతస్తులుగా బర్మా టేకు బీరువాలు ఇప్పటికీ కనిపిస్తాయి. పై అంతస్తుకు మనిషిని ఎక్కించడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు ఉంది. అది బట్టలు దాచుకునే గది అంటే చూసినవాళ్లు నమ్మరు. 2000 సంవత్సరంలో ఆ ఆవరణలో నిజాం మ్యూజియం తెరిచిన తర్వాత సామాన్యులు కూడా చూడగలుగుతున్నారు. మనవలను తీసుకుపోయి చూపించదగిన చోటు.

ఆ బట్టల వ్యవహారం చూసుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆయన పేరు ఆల్బర్ట్ ఆబిద్, ఆర్మీనియా మూలాల వాడు. ప్రభువుల దుస్తులు, బూట్లు, గడియారాలు అన్నీ ఆయన చేతి మీదుగానే నడిచేవి. నిజాం గారికి ఫలానా వస్తువు ఉన్నదీ లేనిదీ నిజాం కంటే ఆబిద్‌కే బాగా తెలుసు. ఆయన ఊళ్లో ఒక పెద్ద దుకాణం పెట్టాడు. సీమ సరుకులన్నీ దొరికే దుకాణం. నిజాం వాడకుండా పక్కన పడేసిన వస్తువులే ఆ దుకాణానికి చేరేవనీ, మళ్లీ నిజాం గారికే అమ్ముడుపోయేవనీ పాతవాళ్లు నవ్వుతూ చెప్పేవారు. ఆ కథ ఎంతవరకు నిజమైనా దుకాణం మాత్రం నిజం. దాని పేరు చుట్టుపక్కల బజారంతా పాకింది. మనం నాంపల్లి స్టేషనులో దిగి ఆబిడ్స్ పోదాం అన్నప్పుడల్లా ఒక నవాబు బట్టలు మడతపెట్టిన మనిషి పేరు పలుకుతున్నాం. యజమాని పేరు మీద పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది. నౌకరు పేరు మీద నగరం నడిబొడ్డు వెలిసింది.

ఈ ఆబిద్ హస్తం ఉన్న మరొక వ్యవహారం వజ్రానిది. 1891లో సిమ్లాకు చెందిన జేకబ్ అనే రత్నాల వర్తకుడు ఒక పెద్ద వజ్రాన్ని నిజాంకు అమ్మజూపాడు. బరువు సుమారు 185 క్యారెట్లు. బేరం 46 లక్షల రూపాయలు. 23 లక్షలు బయానాగా ముట్టింది. అప్పుల్లో ఉన్న సంస్థానానికి ఈ ఖర్చు ఎందుకని రెసిడెంటు అభ్యంతరం పెట్టాడు. రాయిని చూశాక నిజాం కూడా అక్కర్లేదన్నారు. జేకబ్ డబ్బు తిరిగి ఇవ్వలేదు. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు ఎక్కింది. నిజాం గారి వాంగ్మూలం తీసుకోవడానికి కమిషను హైదరాబాదుకే వచ్చింది. రాజ్యమేలే ప్రభువు సాక్షిగా కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పవలసి రావడం ఆ కాలంలో ఎంత తలవంపో మనం ఊహించుకోవలసిందే. జేకబ్ మీద నేరం రుజువు కాలేదు. చివరకు రాజీ కుదిరి వజ్రం నిజాంకు వచ్చింది, వర్తకుడు చితికిపోయాడు.

ఇంత రాద్ధాంతం తెచ్చిన రాయిని నిజాం మళ్లీ కంటితో చూడలేదంటారు. ఆయన పోయిన తర్వాత ఏదో పాత చెప్పు ముందు భాగంలో గుడ్డ చుట్టి దూర్చిన వజ్రం కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దొరికిందని కథ. మన కచేరీలలో కాగితాలు ఎగిరిపోకుండా ఇనుప దిమ్మో గాజు గుండో పెట్టుకునేవాళ్లం కదా, ఆయన ఈ వజ్రాన్ని పెట్టుకున్నాడట. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలు 173 వస్తువులను సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు ఆ జేకబ్ వజ్రం కూడా వాటిలో ఉంది. తర్వాత మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం బారులు తీరి చూశారు.

వజ్రం కథ చూసినవారికి ఆయన కేవలం దుబారా మనిషిగా కనబడవచ్చు. అయితే ఊరు ఆయనను గుర్తు పెట్టుకున్నది వజ్రం వల్ల కాదు, పాము వల్ల. ఒక ఫకీరు ఇచ్చిన వరమో మంత్రమో ఆయన దగ్గర ఉండేదనీ, పాము కరిచినవారికి ఆయన పేరుతో విషం దిగేదనీ జనం నమ్మారు. దానికి మించిన మాట ఒకటి ఉంది. పాముకాటు అని ఎవరు వచ్చినా, అది ఏ వేళ అయినా, తాను ఏ పనిలో ఉన్నా, నిద్రలో ఉన్నా సరే తనను లేపవలసిందని ఆయన హుకుం ఇచ్చి ఉంచారట. దేవిడీ ముందు అరబ్బు జవాన్లు కాపలా ఉండే రోజులు. ఒక నవాబును కలవాలంటేనే నెలలు పట్టేది. అలాంటిచోట చిరిగిన గొంగడి కప్పుకున్న గొల్లవాడు వచ్చి పాము కరిచిందంటే తలుపులన్నీ తెరుచుకోవాలి. ఎన్నో రాత్రులు ఆయన అలా లేచి వచ్చాడని హైదరాబాదు చెప్పుకుంది.

మంత్రం పనిచేసిందా అని మనవలు అడుగుతారు. అడగాలి కూడా. మన దేశంలో తిరిగే పాములలో ఎక్కువ జాతులకు విషం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి వంటివి కరిచినా ప్రతి కాటులోనూ విషం దిగదు. కరిచిన పాము ఏదో తెలియక భయంతోనే సగం చచ్చిన మనిషికి సాక్షాత్తు ప్రభువు ఎదుట నిలబడితే ధైర్యం వస్తుంది. బతికినవాడు జీవితాంతం ఆ కథ చెప్పుకుంటాడు. బతకనివాడి కథ ఎవరూ చెప్పుకోరు. విషానికి విరుగుడు మందును ఫ్రాన్సులో కాల్మెట్ అనే శాస్త్రవేత్త 1890ల నడుమ తయారు చేశాడు. పల్లెటూరి మనిషికి ఆ రోజుల్లో అది అందే వస్తువు కాదు. అందుకని ప్రభువు పేరు పట్టుకున్నారు. ఇప్పుడు ఆ అవసరం లేదు. దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయినట్టు పరిశోధకులు అంచనా కట్టారు. వారిలో ఎక్కువ మంది పల్లెలవారే. కాటు పడిన చోట కోయకూడదు, బిగించి కట్టకూడదు, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. దారిలో మహబూబ్ పాషా పేరు చెప్పుకున్నా తప్పు లేదు గాని ఆటో మాత్రం ఆసుపత్రి వైపే పోవాలి.

ఈ మాట విని ఆయన వైద్యశాస్త్రానికి ఎదురు నిలిచాడనుకోవద్దు. క్లోరోఫారం మత్తు ఇచ్చినప్పుడు రోగులు కొందరు ఎందుకు చనిపోతున్నారని ఆ కాలంలో ప్రపంచంలోని వైద్యులందరూ తర్జనభర్జన పడుతున్నారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి డాక్టరు లారీ అఫ్జల్‌గంజ్‌లో ఈ విషయం తేల్చడానికి పూనుకున్నాడు. 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు కమిషన్లు ఇక్కడ కూర్చున్నాయి. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. రెండవసారి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక పంపిన నిపుణుడు లాడర్ బ్రంటన్ రావడానికి వెయ్యి పౌన్లు మంజూరు చేశారు. ఊపిరిని కనిపెట్టి ఉండాలని వారు తేల్చారు. గుండె కూడా ఆగవచ్చునని తర్వాతి పరిశోధనలు నిరూపించాయి గాని, హైదరాబాదు పేరు ప్రపంచ వైద్య గ్రంథాలకు ఎక్కింది అప్పుడే. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇచ్చే వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళలలో ఒకరుగా పేరు పొందింది. రాత్రి పూట విషానికి మంత్రం వేశాడంటున్న ప్రభువే పగటి పూట ప్రయోగశాలకు డబ్బు ఇచ్చాడు.

మన ఉద్యోగధర్మం ప్రకారం రెండవ పక్క కూడా రాయాలి. సంతకం కోసం పేషీకి వెళ్లిన మిసిళ్లు వారాల తరబడి తిరిగి వచ్చేవి కావనీ, దివాన్లు ముఖదర్శనం కోసం పడిగాపులు పడేవారనీ చెబుతారు. రెండవ సాలార్‌జంగ్, ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా, మహారాజా కిషన్ పర్షాద్ ఒకరి తర్వాత ఒకరు దివాన్లుగా పనిచేశారు. ఎవరి పని ఎంతవరకు, ఏ కాగితం ఎవరి ముందుకు పోవాలి అన్న నియమాలతో 1892-93లో ఖానూన్చా ముబారక్ అన్న నిబంధనావళి వెలువడింది. కాగితం మీద నియమం ఉన్నా కాగితం కదలడం వేరే సంగతి అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బేరారు వ్యవహారం ఇంకా పెద్ద దెబ్బ. 1853లో సైన్యం ఖర్చుల బాకీ కింద ఇంగ్లీషువారి చేతికి పోయిన ఆ సారవంతమైన పత్తి సీమను తిరిగి తేవాలని మొదటి సాలార్‌జంగ్ జీవితమంతా పోరాడాడు. 1902లో కర్జన్ ప్రభువు హైదరాబాదు వచ్చి నిజాంతో ఏకాంతంగా మాట్లాడి, ఏడాదికి 25 లక్షల రూపాయలకు దానిని శాశ్వతపు కౌలుగా రాయించుకుని పోయాడు. ఆ వెంటనే నిజాంకు జి.సి.బి. అన్న బిరుదు వచ్చింది. ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలకు కర్జనుకు బేరారు ధారపోసినవాడని ఊళ్లో అర్థం చెప్పుకున్నారు. మెత్తని మనసున్న ప్రభువు ఎదురుగా గట్టి మనిషి కూర్చుంటే ఏమవుతుందో దానికి ఇది ఉదాహరణ.

అంతఃపురపు వైభోగం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మరచిపోకూడదు. జాగీర్లలో, దేశ్‌ముఖుల ఇలాకాల్లో వెట్టిచాకిరీ యథాప్రకారం నడిచింది. 1899-1900 కరువు మరాఠ్వాడా జిల్లాలను పిండి చేసింది. తెలుగు పల్లెలలో రైతు కట్టిన సిస్తే పురానీ హవేలీ బీరువాల్లో పట్టుబట్టలయింది. పాము కరిచినవాడికి తెరుచుకున్న తలుపు పట్వారీ కరిచినవాడికి తెరుచుకోలేదు.

అయినా ఆ కాలం ఊరికే పోలేదు. 1887లో నిజాం కళాశాల, 1891లో ఆసఫియా గ్రంథాలయం వెలిశాయి. 1907లో నాంపల్లి స్టేషను కట్టారు. ఆయన పేరిట మహబూబియా బాలికల పాఠశాల కూడా అప్పటిదే. మా కాచిగూడ స్టేషను మాత్రం ఆయన పోయిన తర్వాత 1916లో కట్టింది. తెలుగువారికి ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. సర్కారీ భాష పార్శీ నుంచి ఉర్దూకు మారింది గాని తెలుగుకు కచేరీలో పీట దక్కలేదు. అటువంటి రోజుల్లో 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటి పెద్దలు మా కాచిగూడకు కూతవేటు దూరంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నెలకొల్పారు. మనలో ఎందరో ఉద్యోగపు పరీక్షలకు చదువుకున్నది ఆ బల్లల మీదనే. ప్రభువు పెట్టింది కాదు అది, ప్రజలు పెట్టుకున్నది.

1908 సెప్టెంబరు 28. మూసీ వరద. పాత హైదరాబాదు కుటుంబాలలో ఆ రోజు గురించిన కథ లేని ఇల్లు ఉండదు. సుమారు పదిహేను వేల మంది కొట్టుకుపోయారనీ, ఎనభై వేల మందికి నిలువ నీడ లేకుండా పోయిందనీ అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మా నాయనమ్మ అప్పుడు చిన్నపిల్ల. నీళ్లు దిగిన తర్వాత బురద వాసన నెలల తరబడి గోడల్లోంచి పోలేదని ఆమె చెప్పేది.

ఆ విపత్తులో మహబూబ్ పాషా తన మహళ్ల తలుపులు తెరిపించి ఇళ్లు పోయినవారికి చోటు ఇప్పించారు, వంటశాలలు పెట్టించారు. నాంపల్లి రోడ్డున ఉండే అఘోరనాథ చటోపాధ్యాయ గారి కుమార్తె సరోజినీ నాయుడు కూడా సహాయ కార్యక్రమాలలో పాల్గొని పేరు పొందింది. ఇక జనం చెప్పే కథ ఏమిటంటే, మూసమ్మ శాంతించాలంటే ప్రభువే పూజ చేయాలని పండితులు చెప్పారట. నిజాం గారు ఒడ్డుకు నడిచి వచ్చి పసుపు కుంకుమలు, పట్టుచీర, కొబ్బరికాయ సమర్పించి హారతి ఇచ్చారట. అప్పటి నుంచి నీరు తగ్గడం మొదలయిందట. నీరు వాన ఆగినందువల్ల తగ్గిందని మనకు తెలుసు. కాని తమ దుఃఖం తన దుఃఖమనుకుని తమ పద్ధతిలోనే మొక్కిన ప్రభువు అన్న తృప్తి జనానికి మిగిలింది. ఆ మొక్కు పక్కనే మరొక పని జరిగింది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి మూసీకి అడ్డుకట్టల ప్రణాళిక వేయించారు. దాని ఫలితమే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. మనం గండిపేట నీళ్లు తాగి పెరిగామంటే దాని మొదటి కాగితం ఈయన హయాములో కదిలిందన్నమాట.

మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా ప్యాలెసులో మరణించారు. వయసు 45 ఏళ్లే. వేళాపాళా లేని జీవనం, తాగుడు ఆ దేహాన్ని ముందే తినేశాయి. గద్దె మీద కూర్చున్నది నలభై రెండేళ్లు, స్వయంగా ఏలింది ఇరవై ఏడేళ్లు. మక్కా మసీదులో పూర్వీకుల సమాధుల వరుసలోనే ఆయన సమాధి ఉంది. పాముకాటు భయంతో ఆ సమాధి దగ్గరకు వచ్చి మొక్కుకునేవారు చాలాకాలం ఉండేవారు.

లెక్క వేసి చూస్తే ఆయన కంటే ఆయన కొడుకు కట్టించినవి చాలా ఎక్కువ. విశ్వవిద్యాలయం, హైకోర్టు, ఆసుపత్రి, చెరువులు, అన్నీ ఉస్మాన్ పేరు మీదే కనిపిస్తాయి. అయినా ఆన పెట్టవలసి వచ్చినప్పుడు జనం నోటికి వచ్చిన పేరు మహబూబ్. ఆ మాటకు ప్రియమైనవాడని అర్థం. ఆయన కట్టించిన రాతి గోడలు తక్కువ. ఆయన గురించి ఊరు నిలుపుకున్నది ఒకే ఒక నమ్మకం. ఆపదలో ఉన్నవాడు తలుపు తడితే లోపలి మనిషి నిద్ర లేచి వస్తాడని.

మనం ముప్పై, ముప్పై అయిదేళ్లు కిటికీకి ఈవల కూర్చున్నవాళ్లం. ఎన్నో అర్జీలు తీసుకున్నాం, కొన్ని కదిలించాం. ఇప్పుడు ఏటేటా మనం బతికే ఉన్నామని రుజువు పత్రం పట్టుకుని అదే కిటికీకి ఆవల నిలబడుతున్నాం. ఈవల ఉన్నప్పుడు ఎన్ని మిసిళ్లు ముగించామో ఎవరికీ గుర్తు ఉండదు, ఉండనక్కర్లేదు. భోజనాల వేళ అయినా లేచి వచ్చి కాగితం అందుకున్న గుమాస్తా పేరు మాత్రం ఏ మారుమూల పల్లెలోనో ఒక వితంతువు ఇంట్లో ఇంకా చెప్పుకుంటూ ఉంటారు. మన సభ్యులలో అటువంటివారు కొందరు ఉన్నారని నాకు తెలుసు. వారి పేరు మీద ఏ బజారూ లేదు, ఏ జిల్లా లేదు. మహబూబ్ పాషాకు దక్కిన ఆస్తిలో మాత్రం వారికి వాటా ఉంది.